విచ్ ఉండగా మళ్ళీ ఇట్ ఎందుకు? ఇంగ్లీషు సందేహాలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒక్కచోటే తిరుగుతున్నాయి. హూ, విచ్, దట్‌లతో మొదలయ్యే ఉపవాక్యాలు, వాటిలో క్రియను అంటిపెట్టుకుని ఉండే టు, ఫర్, విత్ లాంటి చిన్న మాటలు, అంటే ప్రిపోజిషన్లు. విడివిడిగా జవాబు రాస్తే చెప్పిందే చెప్పాల్సి వస్తుంది. అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. సిగ్గుపడకుండా పైకి చదవండి. ఈ రకం తప్పులు కంటికన్నా ముందు చెవికి దొరుకుతాయి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. "ద బుక్ విచ్ ఐ రెడ్ ఇట్ వాజ్ గుడ్" అని రాస్తే మా సార్ ‘ఇట్’ కొట్టేశారు. ఎక్కువ రాయడమే తప్పేమో అనుకుని తర్వాతి వాక్యం "ద నైఫ్ విచ్ ఐ కట్ ద రోప్" అని పొదుపుగా రాశాను. ఈసారి ఏదో తగ్గిందన్నారు. ఒకసారి ఎక్కువట, ఒకసారి తక్కువట. దీనికి పద్ధతంటూ ఉందా, లేక నోటికి అలవాటు కావాల్సిందేనా?

జవాబు: పద్ధతి ఉందమ్మా. మీ సార్ రెండుసార్లూ సరిగ్గానే దిద్దారు. ఆ రెండు తప్పులూ వేర్వేరు కారణాల వల్ల వచ్చాయి. మందు మాత్రం ఒకటే.

తగ్గినదాని సంగతి ముందు చూద్దాం. తెలుగులో ఈ నాలుగు మాటలు చూడండి: నేను ఉత్తరం రాసిన పెన్ను. నేను ఉత్తరం రాసిన స్నేహితుడు. నేను ఉత్తరం రాసిన బల్ల. నేను ఉత్తరం రాసిన రోజు. నాలుగింట్లోనూ ‘రాసిన’ ఒక్కటే. నిజానికి పెన్నుతో రాశాను, స్నేహితుడికి రాశాను, బల్ల మీద రాశాను. మరి ఆ తో, కి, మీద ఏమయ్యాయి? ధాతుజ విశేషణం అని బడిలో చదువుకున్నాం కదా, చేసిన, వచ్చిన, రాసిన లాంటివి. దానికి ఆకలెక్కువ. దగ్గర్లో ఉన్న విభక్తిని మింగేస్తుంది. పెన్నంటే ‘తో’ అనీ, బల్లంటే ‘మీద’ అనీ వినేవాళ్ళే పూరించుకుంటారు. తొంభై పాళ్ళు ఇబ్బంది రాదు. అప్పుడప్పుడు వస్తుంది. ‘ఆయన వచ్చిన ఊరు’ అంటే ఎక్కణ్ణుంచి వచ్చాడో ఆ ఊరా, ఎక్కడికి వచ్చాడో ఆ ఊరా? ముందు వెనకల మాటలు తెలియకపోతే మనమూ చెప్పలేం.

ఇంగ్లీషు ఆ పని వినేవాడికి వదిలిపెట్టదు. "ద పెన్ ఐ రోట్ ద లెటర్ విత్." "ద ఫ్రెండ్ ఐ రోట్ ద లెటర్ టు." "ద టేబుల్ ఐ రోట్ ద లెటర్ ఆన్." క్రియకూ ఆ వస్తువుకూ ఉన్న సంబంధం ఏమిటో వాక్యంలో ఎక్కడో ఒకచోట కనిపించి తీరాలి. నువ్వు రాసిన కత్తి వాక్యంలో ‘విత్’ లేదు. చదివేవాడు తాడు దాకా వచ్చి, మరి కత్తి ఏం చేసింది అని ఆగిపోతాడు. రోజు ఒక్కటే మినహాయింపు: "ద డే ఐ రోట్ ద లెటర్" చాలు. దాని గురించి కింద ఇంకో ఉత్తరం ఉంది.

ఇక ఎక్కువైన ‘ఇట్’. దీనికి తెలుగును నిందించి లాభం లేదు. ‘నేను చదివిన పుస్తకం’ అంటాం గానీ ‘నేను దాన్ని చదివిన పుస్తకం’ అనం కదా. తప్పంతా మనం నేర్చుకున్న తీరులో ఉంది. హూ అంటే ఎవరైతే, విచ్ అంటే ఏదైతే అని బట్టీ పట్టిస్తారు. దాంతో అవి రెండు వాక్యాలను అతికించే జిగురు ముక్కలని మనసులో పడిపోతుంది. జిగురే అయితే ‘ఐ రెడ్’ తర్వాత కర్మ ఖాళీగా ఉన్నట్టు అనిపించి, చెయ్యి దానంతటదే ‘ఇట్’ రాసేస్తుంది. అసలు సంగతేమిటంటే విచ్ అనేదే ఆ ‘ఇట్’. వేషం మార్చుకుని ముందుకొచ్చి నిలబడింది. ఉన్నది ఒక్కరే అయినప్పుడు రెండు కుర్చీలు ఎందుకు? నువ్వు రాసిన వాక్యం వింతదేమీ కాదులే. అరబిక్‌లో సరిగ్గా అలాగే అంటారు, ‘నేను దాన్ని చదివిన పుస్తకం’ అని. అక్కడ అది ఒప్పు, ఇంగ్లీషులో కాదు.

ఇప్పుడు పద్ధతి. ఉపవాక్యాన్ని నేరుగా రాయకు. ముందు పక్కన ఓ చిన్న పూర్తి వాక్యం రాసుకో, అందులో ఇట్, హిమ్, హర్, దెమ్‌లలో ఏదో ఒకటి ఉండాలి. "ఐ కట్ ద రోప్ విత్ ఇట్." ఇప్పుడు ఆ ‘ఇట్’ను కొట్టేసి, దాని బదులు విచ్ తీసుకెళ్ళి ముందు పెట్టు. మిగిలిన మాటల్ని ముట్టుకోకు. "విచ్ ఐ కట్ ద రోప్ విత్." దాని ముందు ‘ద నైఫ్’ చేర్చు, అయిపోయింది. పుస్తకానికీ ఇదే దారి: "ఐ రెడ్ ఇట్" నుంచి "విచ్ ఐ రెడ్". చిన్న వాక్యంలో ప్రిపోజిషన్ ఉందా, ఉపవాక్యంలోనూ ఉంటుంది. లేదా, ఉండదు. సర్వనామం మాత్రం ఎప్పుడూ మిగలదు.

నా దగ్గరికి దిద్దడానికి వచ్చే కాగితాల్లో ఎక్కువైన సర్వనామానికి చుట్టూ సున్నా చుడతాను, తగ్గిన ప్రిపోజిషన్ చోట చిన్న కొక్కెం గీస్తాను. కొన్ని పేజీల్లో సున్నాలు, కొక్కేలు తప్ప ఇంకేమీ ఉండవు. తమాషా ఏమిటంటే, వాళ్ళనే పిలిచి ఆ చిన్న వాక్యం చెప్పమంటే తడుముకోకుండా చెబుతారు. "షి ఈజ్ వెయిటింగ్ ఫర్ హిమ్" అని ఎవరైనా అంటారు. "ద మ్యాన్ షి ఈజ్ వెయిటింగ్" అని రాసేది కూడా వాళ్ళే. అంటే క్రియతో ఏ ప్రిపోజిషన్ వస్తుందో తెలియక కాదు, వాక్యం మడత పెట్టేటప్పుడు జారిపోతోంది.

ఇంకొక్క మాట. ఆ ప్రిపోజిషన్ చివరే ఉండాలని లేదు, విచ్‌తో పాటు ముందుకీ రావచ్చు: "ద నైఫ్ విత్ విచ్ ఐ కట్ ద రోప్." రెండూ ఒప్పే. రెండు చోట్లా పెడితేనే తప్పు. "ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్ ఇన్" అని రాసేవాళ్ళకు రెండు రూపాలూ తెలుసు, ఒకటి ఎంచుకునే ధైర్యమే లేదు. ముందుకు తెస్తే ఇంకో షరతు ఉంది. దాని వెనక విచ్, హూమ్, హూజ్‌లలో ఏదో ఒకటి మాత్రమే రావాలి. "టు హూమ్ ఐ స్పోక్" అనాలి, "టు దట్ ఐ స్పోక్" అనకూడదు. దట్ వాడినా, అసలేమీ వాడకుండా "ద మ్యాన్ ఐ స్పోక్ టు" అన్నా, టు చివరనే ఉండాలి. "ద టూ ప్లాన్స్ డిఫర్ ఇన్ దట్ వన్ ఈజ్ చీపర్" లాంటి వాక్యం ఎక్కడైనా కనిపిస్తే కంగారుపడకు. అందులో ‘ఇన్ దట్’ అంటే ‘ఏ విషయంలో అంటే’ అని. అది ఈ కుటుంబానికి చెందింది కాదు.

ప్రశ్న: నేను ఆఫీసులో ఉత్తర ప్రత్యుత్తరాలు చూస్తాను. వాక్యం చివర ప్రిపోజిషన్ ఉంటే మా పై అధికారి డ్రాఫ్టు తిప్పి పంపేస్తారు. "ద లెటర్ వి ఆర్ రిప్లయింగ్ టు" అన్నది నిజంగా తప్పా? ఆయనతో వాదించే ధైర్యం లేదు గానీ, నాకైనా తెలియాలి కదా.

జవాబు: తప్పు కాదు, ఎన్నడూ కాలేదు. అయినా ఆ మాట మూడున్నర శతాబ్దాలుగా తిరుగుతూనే ఉంది. దీన్ని మొదట గట్టిగా అన్నవాళ్ళలో కవి జాన్ డ్రైడెన్ ఒకడు. తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాలు ప్రిపోజిషన్‌తో ముగుస్తున్నాయని 1672లో తప్పుపట్టాడు. తన రాతల్లోనూ ఆ దోషం ఉన్నట్టు ఈమధ్యే గమనించానని కూడా రాశాడు. అన్నట్టే తన పాత వ్యాసం ఒకటి 1684లో మళ్ళీ అచ్చయినప్పుడు చాలాచోట్ల ఆ చివరి మాటల్ని ముందుకు జరిపాడు. ఎందుకు తప్పో మాత్రం వివరించలేదు. లాటిన్ చదువు ప్రభావం అని పండితులు అంటారు. లాటిన్‌లో ప్రిపోజిషన్ తన నామాన్ని వదిలి వాక్యం చివర ఒంటరిగా నిలబడదు. ఇంగ్లీషులో ఎప్పట్నుంచో నిలబడుతోంది.

తర్వాత 1762లో రాబర్ట్ లౌత్ వ్యాకరణం వచ్చింది. ఆయన తర్వాతి కాలంలో లండన్ బిషప్ అయ్యాడు. ఈ నిషేధం ఆయనే పెట్టాడని చాలామంది ఆయన మీదికి నెట్టేస్తారు. పాపం ఆయన అలా అనలేదు. మామూలు మాటల్లో ఇది చెల్లుతుంది, తేలిక శైలికి చక్కగా నప్పుతుంది, గంభీరమైన శైలికి మాత్రం ముందు పెట్టడమే అందం అన్నాడు, అంతే. అది కూడా ఎలా అన్నాడు? "దిస్ ఈజ్ ఎన్ ఇడియమ్ విచ్ అవర్ లాంగ్వేజ్ ఈజ్ స్ట్రాంగ్లీ ఇన్‌క్లైన్డ్ టు" అని, చివర ‘టు’ పెట్టి! కావాలనే చిలిపిగా రాశాడని నా నమ్మకం. 1795లో లిండ్లీ మరే తన వ్యాకరణంలోకి ఈ వాక్యాన్నే తీసుకుని, "టు విచ్ అవర్ లాంగ్వేజ్ ఈజ్ స్ట్రాంగ్లీ ఇన్‌క్లైన్డ్" అని బుద్ధిగా సరిచేశాడు. చిలిపితనం కాస్తా పోయింది, నిషేధం మిగిలింది.

మీ ఆఫీసు సంగతికొస్తే, ఆయనతో వాదించకండి. ఆఫీసు ఉత్తరంలో "ద లెటర్ టు విచ్ వి ఆర్ రిప్లయింగ్" అనేది కూడా మంచి వాక్యమే, ఆయనకు నచ్చినట్టే రాయండి. కానీ ఫోన్లో మాట్లాడేటప్పుడు "ద పర్సన్ టు హూమ్ ఐ వాజ్ స్పీకింగ్" అన్నారంటే అవతలివాళ్ళు మిమ్మల్ని కోర్టు నోటీసు చదువుతున్నారనుకుంటారు. ప్రిపోజిషన్‌ను వెంటబెట్టుకుని విచ్ ముందుకు రావడాన్ని భాషాశాస్త్రంలో ‘పైడ్ పైపింగ్’ అంటారు. భాషాశాస్త్రవేత్త జాన్ రాబర్ట్ రాస్ 1967 నాటి సిద్ధాంత వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. వేణువు ఊదుతూ నడిచేవాడి వెనక ఎలుకలన్నీ వెళ్ళిన కథ ఉంది కదా, పేరు అక్కణ్ణుంచి వచ్చిందే.

తప్పనిసరిగా ముందే పెట్టాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి, అవి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. "ద మీటింగ్ డ్యూరింగ్ విచ్ హి స్లెప్ట్" బాగుంటుంది. డ్యూరింగ్‌ను చివరికి తోస్తే మూలుగులా వినిపిస్తుంది. "ద రేట్ ఎట్ విచ్", "ద ఎక్స్‌టెంట్ టు విచ్", "ద ఈజ్ విత్ విచ్" (ఇక్కడ ఈజ్ అంటే తేలికదనం) కూడా అంతే, అవి అచ్చుపోసినట్టు అలాగే వాడాలి. ఇంకొకటి దరఖాస్తుల ఫైళ్ళలో రోజూ కనిపించేది: "ట్వెంటీ పీపుల్ అప్లైడ్, మోస్ట్ ఆఫ్ దెమ్ హాడ్ నో ఎక్స్‌పీరియన్స్." మధ్యలో ఉన్నది కామా, రెండు పూర్తి వాక్యాల్ని కలిపే బలం దానికి లేదు. "మోస్ట్ ఆఫ్ హూమ్" అనండి, సరిపోతుంది. సర్వనామం ఉండాల్సిన చోట హూమ్, హూమ్ ఉండాల్సిన చోట సర్వనామం, ఇదేం గోల అని విసుక్కోకండి. పై ప్రశ్నలోని సూత్రమే ఇది.

ప్రశ్న: మీ పాత కాలమ్ చదివి, ప్రిపోజిషన్ ముందు పెడితే హుందాగా ఉంటుందని ఒక రిపోర్టులో "ద ప్రపోజల్ డౌన్ విచ్ ద కమిటీ టర్న్‌డ్" అని రాశాను. నలుగురూ నవ్వారు. నేను చేసిన తప్పేమిటి?

జవాబు: నవ్వినవాళ్ళు ఎందుకు నవ్వారో వాళ్ళను అడిగితే సగంమంది చెప్పలేరు, ఊరట చెందండి. మీరు నియమాన్ని నమ్మి రాశారు. ఆ ‘డౌన్’ ప్రిపోజిషన్ అవునో కాదో చూసుకోలేదు.

ఇంగ్లీషులో క్రియ వెనక వచ్చే చిన్న మాటలు రెండు జాతులు. ఒక జాతి తన తర్వాత వచ్చే నామంతో జట్టు. "లుక్డ్ ఎట్ ద మ్యాప్" అన్నప్పుడు ‘ఎట్ ద మ్యాప్’ ఒక ముక్క. ఇంకో జాతి క్రియలోనే కలిసిపోతుంది. ‘టర్న్‌డ్ డౌన్’ అంటే తిరస్కరించడం, అందులోంచి డౌన్‌ను విడదీస్తే మిగిలేది తిప్పడం. ఏది ఏ జాతో తెలుసుకోవడానికి మళ్ళీ మన పాత స్నేహితుడు ‘ఇట్’నే పిలవాలి. "టర్న్‌డ్ ఇట్ డౌన్" అంటారా, "టర్న్‌డ్ డౌన్ ఇట్" అంటారా? మొదటిదే. సర్వనామం మధ్యలోకి దూరిందంటే ఆ చిన్న మాట క్రియ సొత్తు, దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళకూడదు. "లుక్డ్ ఎట్ ఇట్" అంటారు గానీ "లుక్డ్ ఇట్ ఎట్" అనరు. సర్వనామం చివర ఉందంటే అది అసలైన ప్రిపోజిషన్, ముందుకు తేవచ్చు.

రెండు ఎఫ్‌ల ‘ఆఫ్’తో ఒక జత చూడండి. "వి టర్న్‌డ్ ఆఫ్ ద రోడ్" అంటే రోడ్డు దిగి పక్కకు మళ్ళాం. "వి టర్న్‌డ్ ఆఫ్ ద లైట్" అంటే దీపం ఆర్పాం. చూడ్డానికి కవల పిల్లలు. ఇట్ పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది: రోడ్డును "టర్న్‌డ్ ఆఫ్ ఇట్", దీపాన్ని "టర్న్‌డ్ ఇట్ ఆఫ్". కాబట్టి "ద రోడ్ ఆఫ్ విచ్ వి టర్న్‌డ్" కాస్త బిగుసుకున్నట్టున్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. "ద లైట్ ఆఫ్ విచ్ వి టర్న్‌డ్" మాత్రం చెల్లదు. మీ వాక్యం రెండో కవలది. "ద ప్రపోజల్ విచ్ ద కమిటీ టర్న్‌డ్ డౌన్" అంటే చాలు. అది హుందాగానే ఉంది.

ఈ పరీక్ష దాటినా ఇబ్బంది పెట్టేవి కొన్ని ఉన్నాయి. ‘లుక్ ఆఫ్టర్’ చూడండి. "లుక్డ్ ఆఫ్టర్ దెమ్" అంటాం కాబట్టి పరీక్ష ప్రకారం ప్రిపోజిషనే. అయినా "ద చిల్డ్రన్ ఆఫ్టర్ హూమ్ షి లుక్డ్" అంటే పిల్లల్ని సాకినట్టు ఉండదు, వెళ్ళిపోతున్న పిల్లల వైపు ఆవిడ చూస్తూ నిలబడినట్టు ఉంటుంది. క్రియా, చిన్న మాటా కలిసి కొత్త అర్థం ఇస్తుంటే విడదీయకపోవడం మేలు. ‘పుట్ అప్ విత్’, ‘గెట్ రిడ్ ఆఫ్’, ‘లుక్ డౌన్ ఆన్’ లాంటి మూడు ముక్కలవాటి జోలికి అసలు వెళ్ళకండి, అవన్నీ కట్టగట్టుకుని చివర ఉంటాయి. ‘లుక్ ఫార్వర్డ్ టు’ ఒక్కటి కొంచెం మెతక, "ద డే టు విచ్ వి ఆల్ లుక్ ఫార్వర్డ్" అని ఉపన్యాసాల్లో వింటుంటాం. ఈ తేడాలన్నిటికీ ఒకే కారణం చెప్పమంటే నేను చెప్పను. చెప్పేవాళ్ళుంటే నమ్మకండి.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. కేస్ షీట్‌లో "ద పేషెంట్ హూ వాజ్ ఆపరేటెడ్ యెస్టర్‌డే" అని రాశాను. కొత్తగా వచ్చిన డాక్టర్ ‘ఆన్’ చేర్చారు. మరోచోట "ద ప్రాబ్లమ్ ఎబౌట్ విచ్ వి డిస్కస్డ్" అంటే ‘ఎబౌట్’ తీసేశారు. పెట్టమంటారు, తియ్యమంటారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: డాక్టర్ గారు చేసింది సరైనదే. చిన్న వాక్యానికి వెళ్ళండి. సర్జన్ రోగిని "ఆపరేటెడ్ ఆన్ హిమ్". ఉత్త "ఆపరేటెడ్ ఇట్" అంటే యంత్రాన్ని నడిపినట్టు. కర్మణి ప్రయోగంలోకి మార్చినా ఆ ‘ఆన్’ పోదు: "ద పేషెంట్ హూ వాజ్ ఆపరేటెడ్ ఆన్." వెనక నామం లేకుండా ‘ఆన్’ వేలాడుతోందని చాలామంది తీసేస్తారు. వేలాడనివ్వండి. "ద చైల్డ్ హూ వాజ్ లుక్డ్ ఆఫ్టర్", "ద వూండ్ విచ్ వాజ్ అటెండెడ్ టు" కూడా ఇలాగే.

డిస్కస్ కథ తిరగబడింది. ‘దాని గురించి చర్చించాం’ అనే అలవాటు కొంత, నామరూపం చేసే అల్లరి కొంత. ‘ఎ డిస్కషన్ ఎబౌట్ ఇట్’ సరైనదే, కానీ క్రియ అయితే "వి డిస్కస్డ్ ఇట్". అందుకే "ద ప్రాబ్లమ్ వి డిస్కస్డ్" అనీ, "ద ప్రాబ్లమ్ ఎబౌట్ విచ్ వి హాడ్ ఎ డిస్కషన్" అనీ రెండూ ఒప్పు. ఎంటర్, మ్యారీ, రిజెంబుల్, రీచ్, అప్రోచ్, మెన్షన్ కూడా వెనక ఏమీ అడగని క్రియలే. "ద రూమ్ షి ఎంటర్డ్", "ద మ్యాన్ షి మ్యారీడ్". ఎదురు పక్షంలో వెయిట్, లిజన్, డిపెండ్, బిలాంగ్, రిఫర్, ఆబ్జెక్ట్, అప్లై ఉన్నాయి. ‘అటెండ్’ మాత్రం గోడ మీద పిల్లి. క్లాసుకు "అటెండెడ్ ఇట్", రోగికి "అటెండెడ్ టు హిమ్".

రెండు క్రియలు ఒకే ఉపవాక్యంలో ఉంటే దేని ప్రిపోజిషన్ దానికి ఇవ్వండి. "ఎ డ్రగ్ వి ఆర్ ఇంటరెస్టెడ్ అండ్ వరీడ్ ఎబౌట్" అంటే ఇంటరెస్టెడ్‌కు రావాల్సిన ‘ఇన్’ గల్లంతు. "ఇంటరెస్టెడ్ ఇన్ అండ్ వరీడ్ ఎబౌట్" అని రాయండి.

ప్రశ్న: "ద హౌస్ వేర్ ఐ లివ్ ఇన్" తప్పంటారు. మరి "ద ప్లేస్ వేర్ హి కేమ్ ఫ్రమ్" అని పుస్తకాల్లోనే చూశాను. ఇదేం న్యాయం?

జవాబు: ‘వేర్’ అంటేనే ‘ఇన్ విచ్’. మళ్ళీ ఇన్ వేస్తే రెండుసార్లు వేసినట్టు. ‘నుంచి’ అనే అర్థం మాత్రం వేర్‌లో లేదు, అందుకే ఫ్రమ్ విడిగా ఉండక తప్పదు.

పనిలో పని, రోజు సంగతి. డే, ఇయర్, టైమ్ లాంటి కాలం మాటలు, రీజన్, వే వచ్చినప్పుడు ప్రిపోజిషన్ మానేయవచ్చు: "ద డే ఐ వాజ్ బార్న్", "ద రీజన్ ఐ కేమ్", "ద వే షి టాక్స్". ‘ప్లేస్’కు కూడా మాటల్లో ఈ వెసులుబాటు ఉంది, "ద ప్లేస్ ఐ లివ్" అంటారు. హౌస్‌కూ రూమ్‌కూ లేదు. ఇక "ద వే హౌ షి టాక్స్" అని మాత్రం రాయొద్దు. వే, హౌ ఒక ఒరలో ఇమడవు.

ప్రశ్న: టు తర్వాత హూమ్ రావాలన్నారు కదా. "గివ్ ఇట్ టు హూమెవర్ కమ్స్ ఫస్ట్" అని రాస్తే తప్పన్నారు?

జవాబు: తప్పే. ‘కమ్స్’ చేసేది ఎవరు? ఆ హూఎవరే. లోపలి వాక్యంలో అది కర్త, కాబట్టి హూఎవర్. బయట ఉన్న ‘టు’కు మొత్తం ఉపవాక్యం మీద హక్కు ఉంది, అందులోని ఒక్క మాట మీద లేదు.

ప్రశ్న: "గివ్ మి ఎ పెన్ టు రైట్" అంటే మా అమ్మాయి నవ్వి ‘విత్’ అంటుంది. ఇక్కడ హూ లేదు, విచ్ లేదు. మరి ఈ విత్ ఎందుకు? ఆఫీసులో జీవితమంతా అలాగే మాట్లాడాను, ఎవరూ ఏమనలేదు.

జవాబు: అర్థమయ్యాక ఎవరు మాత్రం ఏమంటారండీ, పెన్ను ఇచ్చేసి ఊరుకుంటారు. మీ అమ్మాయి చెప్పింది సరైనది. విచ్ పైకి కనిపించకపోయినా ఇదీ ఆ బాపతు వాక్యమే. "ఎ లెటర్ టు రైట్" అంటే రాయాల్సిన ఉత్తరం, ఉత్తరాన్నే రాస్తాం. "ఎ పెన్ టు రైట్" అంటే పెన్నునే రాయాలన్నట్టు. "ఐ రైట్ విత్ ఇట్" అనే చిన్న వాక్యంలోని ‘విత్’ ఇక్కడా కావాలి. పేపర్ అయితే "టు రైట్ ఆన్", కుర్చీ అయితే "టు సిట్ ఆన్", మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి కావాలంటే "సమ్‌వన్ టు టాక్ టు". చివరిదాంట్లో రెండు ‘టు’లు చూసి ఒకటి ఎక్కువైందని తీసేస్తుంటారు. రెండూ ఉండాలి. మొదటిది టాక్‌కు ముందుది, రెండోది మనిషిది.

దీనికి తోబుట్టువు ఇంకోటుంది. ‘ఆయనతో మాట్లాడటం తేలిక’ అనడానికి "హి ఈజ్ ఈజీ టు టాక్" అంటారు. "హి ఈజ్ ఈజీ టు టాక్ టు" అనాలి. ఇంకొందరు జాగ్రత్త ఎక్కువై "హి ఈజ్ ఈజీ టు టాక్ టు హిమ్" అంటారు. హి ముందే ఉన్నాడు, మళ్ళీ హిమ్ అక్కర్లేదు. పెద్దమనిషి తరహాలో కావాలంటే "ఎ పెన్ విత్ విచ్ టు రైట్" అనొచ్చు. విచ్ ఉంచి విత్‌ను చివరికి పంపడం, అంటే "ఎ పెన్ విచ్ టు రైట్ విత్", ఇంగ్లీషు ఒప్పుకోదు. మీ అమ్మాయితో ఈసారి పందెం కట్టాల్సి వస్తే ఈ వాక్యం మీద కట్టండి.

ప్రశ్న: మేడమ్, సర్వనామం ఎప్పుడూ మిగలదని మీరు ప్రతిసారీ అంటారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఒకాయన ఇంటర్వ్యూలో "ఇట్స్ ఎ ట్యూన్ దట్ ఐ డోంట్ నో హూ రోట్ ఇట్" అనడం నా చెవులారా విన్నాను. వాళ్ళంటే ఒప్పు, మనమంటే తప్పా?

జవాబు: మంచి చెవి మీది. వాళ్ళు నిజంగానే అలా అంటారు, అప్పుడప్పుడు కాదు, తరచుగానే. భాషాశాస్త్రవేత్తలు ఈ రకం సర్వనామాల మీద చాలా రాశారు. ఇందులో చిక్కు ఎక్కడుందో చూడండి. ఆ ‘ఇట్’ తీసేస్తే "ఎ ట్యూన్ దట్ ఐ డోంట్ నో హూ రోట్" అవుతుంది. బాగుపడిందా? ఇంకా పాడైంది. ఉపవాక్యం లోపల ‘హూ రోట్ ఇట్’ అనే ఇంకో ప్రశ్న గూడు కట్టుకుని ఉంది. ఆ గూట్లోంచి మాటను బయటకు లాగడం ఇంగ్లీషులో కుదరదు. మాట్లాడేవాడు సగం దూరం వచ్చాక ఆ సంగతి తెలుసుకుని, వెనక్కి వెళ్ళలేక, ఖాళీని ‘ఇట్’తో కప్పేసి ముందుకు పోతాడు. "ద బుక్ విచ్ ఐ రెడ్ ఇట్" అని మాత్రం అదే మనిషి పొరపాటున కూడా అనడు, ఎందుకంటే అక్కడ కప్పాల్సిన ఖాళీ ఏదీ లేదు.

మాట్లాడేటప్పుడు మీరూ అలా దాటెయ్యండి, ఎవరూ పట్టించుకోరు. రాసేటప్పుడు మాత్రం ఆ వాక్యాన్ని దిద్దడానికి కూర్చోకండి, అది దిద్దుబాటుకు లొంగదు. విరగ్గొట్టండి: "ఐ లవ్ దిస్ ట్యూన్. ఐ డోంట్ నో హూ రోట్ ఇట్." ఒకే వాక్యంగా ఉంచాలని పట్టుంటే "ఎ ట్యూన్ హూజ్ కంపోజర్ ఐ డోంట్ నో" అనండి. హూజ్ ప్రాణం ఉన్నవాటికే వాడాలని మీకెవరైనా చెప్పి ఉంటే అది వదిలేయండి, ట్యూన్‌కూ ఇంటికీ చెట్టుకూ కూడా నిశ్చింతగా వాడొచ్చు.